బెజవాడ రామచంద్రారెడ్డి: నెల్లూరు స్వతంత్ర ఎంపీ

బెజవాడ రామచంద్రారెడ్డి 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో నెల్లూరు నుంచి స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు గెలిచారు. కొడవలూరుకు దగ్గరలోని బుచ్చిరెడ్డిపాలెం భూస్వామ్య కుటుంబం ఆయనది. జస్టిస్ పార్టీ నాయకుడిగా 1930 నుంచి 1937 వరకు మద్రాసు శాసనమండలి అధ్యక్షుడిగా ఉన్నారు. అప్పట్లో ఓటు హక్కు ప్రధానంగా ఆస్తి, పన్ను చెల్లింపులను బట్టి వచ్చేది. అందరికీ ఓటు వచ్చేనాటికే ఆయనకు భూమి, పేరు, పలుకుబడి ఉన్నాయి. పార్టీ గుర్తు లేకుండా నిలబడటానికి ఆ బలం చాలు.

అదే ఎన్నికల్లో ఒంగోలు ద్విసభ్య నియోజకవర్గంలోని ఎస్సీ స్థానం నుంచి మంగళగిరి నానాదాసు కూడా స్వతంత్రుడిగానే గెలిచారు.

నెల్లూరు 1962లో ఎస్సీ రిజర్వుడు స్థానమైంది. 2004 ఎన్నికల దాకా అక్కడ గెలిచినవారు బి. అంజనప్ప, దొడ్డవరపు కామాక్షయ్య, పుచ్చలపల్లి పెంచలయ్య, కుడుముల పద్మశ్రీ, పనబాక లక్ష్మి, ఉక్కాల రాజేశ్వరమ్మ. అందరూ కాంగ్రెస్ లేదా తెలుగుదేశం టికెట్‌పై గెలిచినవారే.

రిజర్వుడు స్థానంలో పోటీ చేసేది దళితులే, ఓటు వేసేది మాత్రం అన్ని కులాలవారూ. అంబేడ్కర్ కోరిన ప్రత్యేక నియోజకవర్గాల స్థానంలో 1932 పూనా ఒప్పందం తెచ్చిన ఉమ్మడి పద్ధతి ఇది. ఇందులో దళిత ఓట్లు మాత్రమే చాలవు. ఊరూరా మనుషులు, ఖర్చుకు డబ్బు ఉన్న పార్టీ కావాలి. అందుకే టికెట్ ఇచ్చేవారి మాట బరువెక్కుతుంది. భూమి అండ లేని అభ్యర్థికి స్వతంత్రంగా నిలవడం ఎంత కష్టమో ఈ జాబితా చెబుతుంది. నానాదాసు గెలుపు విలువ తెలిసేదీ ఇక్కడే.

పునర్విభజన తర్వాత 2009లో నెల్లూరు మళ్లీ జనరల్ స్థానమైంది.