గోల్ఫు కఱ్ఱ పట్టిన రాజు

గోల్ఫనగా కఱ్ఱతో చిన్న బంతిని కొట్టి, దూరమందున్న గుంటలో పడవేయు ఆట. స్కాట్లండు దేశమున రెండవ జేమ్సు రాజు కాలమందు, 1457లో, పార్లమెంటు దీనిని నిషేధించెను. ప్రజలు ఈ యాటలో మునిగి విలువిద్య మఱచిన, శత్రువు వచ్చిననాడు దేశమును కాచువారెవ్వరని వారి భయము. ఆయన మనుమడు నాలుగవ జేమ్సు ఏలుబడిలో, 1491లో, ఆ నిషేధమే మరల వెలువడెను. అట్టి రాజే 1502లో పెర్తు పట్టణమందు విండ్లు చేయువానియొద్ద గోల్ఫు కఱ్ఱలు కొనెను! విల్లును మఱపించునని నిందపడిన యాటకు విండ్లు చేయు చేతులే కఱ్ఱలమర్చెను, నిషేధించినవాడే ఆటగాడయ్యెను.

నేనును బడిలో పిల్లల బిళ్ళంగోడు ఎన్నిమార్లో లాగికొంటిని. మొన్న మా మనుమడు దానిని నా చేతికిచ్చి కొట్టుమనెను. మూడుమార్లు గుఱి తప్పెను, నాలుగవమారు తగిలెను. ఆ రాజు మనసు నాకప్పుడు తెలిసెను.