పెన్సిల్ సెల్లు: కొలత ఒకటే, రసాయనాలు అనేకం



దక్షిణ ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం పాత ప్రాంగణానికి, ఐఐటీకి చేరువలో బేర్ సరాయ్ ఉంది. ఒకప్పటి పల్లెను నగరం చుట్టుముట్టినా, బాటసారుల సత్రం అనే అర్థమున్న 'సరాయ్' మాట దాని పేరులో నిలిచింది. పోటీ పరీక్షల పుస్తకాలకు పేరుపొందిన ఈ వీధులను వెతుక్కుంటూ వెళ్లిన తెలుగు విద్యార్థులు ఎందరో. అటువంటి అద్దె గదిలో గోడ గడియారం, చిన్న రేడియో, వైర్‌లెస్ మౌస్, టార్చి ఉన్నాయనుకోండి. ఇవి చాలావరకు కోరేది ఒకే వస్తువును: ఏఏ సెల్లు, మన వాడుకలో పెన్సిల్ సెల్లు.

దుకాణంలో అడిగితే ఒకే పొడవు, ఒకే లావు ఉన్న సెల్లులు వేర్వేరు ధరలకు చూపిస్తారు. పైకి తేడా కనబడదు. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

తడి సెల్లు నుంచి పొడి సెల్లుకు

1800లో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా రెండు రకాల లోహపు బిళ్లల మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలు పేర్చి నిలకడైన విద్యుత్తును పొందాడు. 1866లో ఫ్రాన్సుకు చెందిన లెక్లాంషే జింకు, మాంగనీసు డై ఆక్సైడ్, నవసాగరం ద్రావణంతో సెల్లు తయారుచేశాడు. అది గాజు జాడీలో ఉండేది. తంతి కార్యాలయాలకు సరిపోయింది కాని, జేబులో వేసుకుని తిరగడానికి వీలుకాదు. 1880ల్లో జర్మనీకి చెందిన కార్ల్ గాస్నర్ ద్రావణాన్ని ముద్దగా మార్చి జింకు డబ్బాలో బిగించాడు. పాఠ్యపుస్తకాల్లో మనం చదివే అనార్ద్ర ఘటం ఇదే.

1907లో అమెరికాలో ఏఏ సైజు వాడుకలోకి వచ్చింది. 1947లో అక్కడి ప్రమాణాల్లో చేరింది. సుమారు 14.5 మిల్లీమీటర్ల వ్యాసం, 50.5 మిల్లీమీటర్ల పొడవు. ఏఏ అనేది కొలత పేరే కాని, రసాయనం పేరు కాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

మన దేశంలో

1934లో కలకత్తాలో ఎవర్ రెడీ కంపెనీ ఏర్పడింది. తరువాత అది యూనియన్ కార్బైడ్ ఇండియా అయింది. హైదరాబాదులోనూ దానికి సెల్లుల కర్మాగారం ఉండేది. టార్చిని 'బ్యాటరీ లైటు' అని పిలిచిన మన పల్లెల్లో, పొలానికి నీళ్లు పెట్టబోయే రైతు చేతికి వెలుగునిచ్చింది ఇటువంటి సెల్లులే. 1972లో జపాన్‌కు చెందిన మత్సుషిటా సహకారంతో ఇండో నేషనల్ సంస్థ ఏర్పడింది. దాని 'నిప్పో' సెల్లులు నెల్లూరు ప్రాంతంలో తయారై దేశమంతటా చేరాయి.

ఈ చరిత్రలో చీకటి కూడా ఉంది. 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లో విషవాయువు వెలువడి వేలమంది ప్రాణాలు తీసింది. అది సెల్లుల కర్మాగారం కాదు, పురుగుమందులది. కాని సంస్థ మాత్రం యూనియన్ కార్బైడే. వస్తువు మీద ముద్రించిన ధరే దాని పూర్తి ఖరీదు కాదని ఆ రాత్రి దేశానికి తెలిసింది.

మళ్లీ చార్జి చేసే సెల్లు

మామూలు జింకు కార్బన్ సెల్లులో డబ్బాయే ఇంధనం. వాడేకొద్దీ జింకు కరిగిపోతుంది. అందుకే పాత సెల్లు కారి పరికరాన్ని పాడుచేస్తుంది. 1959లో అమ్మకానికి వచ్చిన ఆల్కలైన్ సెల్లులో జింకు పొడి రూపంలో ఉంటుంది. అది ఎక్కువకాలం పనిచేసినా, ఒకసారి వాడి పారేయవలసిందే.

1899లో స్వీడన్‌కు చెందిన యుంగ్నర్ నికెల్ కాడ్మియం సెల్లును కనిపెట్టాడు. దాన్ని మళ్లీ మళ్లీ చార్జి చేయవచ్చు, కాని కాడ్మియం విషపదార్థం. 1989లో కాడ్మియం లేని నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు మార్కెట్లోకి వచ్చింది. వాడకుండా ఉంచినా చార్జి తగ్గిపోవడం దాని లోపం. 2005లో సాన్యో తెచ్చిన ఎనలూప్ రకం ఈ లోపాన్ని చాలావరకు తగ్గించింది.

ఏ పరికరానికి ఏది?

ఒక లెక్క వేద్దాం. రెండు సెల్లుల రేడియో 50 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటుందని, సెల్లు సామర్థ్యం 2000 మిల్లీ ఆంపియర్ అవర్లని అనుకోండి. 2000ను 50తో భాగిస్తే 40 గంటలు. రోజుకు 4 గంటలు వింటే పది రోజులే. ఏడాదికి దాదాపు 36 జతలు, అంటే 72 సెల్లులు చెత్తలో పడతాయి. చార్జి చేసే సెల్లులైతే రెండు జతలు చాలు: ఒకటి రేడియోలో, ఒకటి చార్జరులో.

గోడ గడియారం, రిమోట్ చాలా తక్కువ విద్యుత్తు తీసుకుంటాయి. వాటికి ఆల్కలైన్ సెల్లు నెలల తరబడి సరిపోతుంది. అక్కడ చార్జరు కొనడం వృథా. అన్నిటికీ ఒకే సెల్లు మేలనడం పొరపాటు.

చార్జరు విషయంలో నాలుగు జాగ్రత్తలు పాటించండి. ఒకటి, పైన 'రీచార్జబుల్' అని లేని సెల్లును చార్జి చేయకండి. అది కారవచ్చు, పగలవచ్చు. రెండు, సెల్లు నిండగానే వోల్టేజిలో వచ్చే చిన్న తగ్గుదలను గుర్తించి ఆగిపోయే చార్జరును ఎంచుకోండి. కేవలం గంటలు లెక్కపెట్టే చార్జరు సగం నిండిన సెల్లును అతిగా వేడెక్కించవచ్చు. మూడు, పాతవి, కొత్తవి, వేర్వేరు రకాలు కలిపి వేయకండి. నాలుగు, ఇదే కొలతలో 3.7 వోల్టుల లిథియం అయాన్ సెల్లులు కూడా దొరుకుతున్నాయి. వాటిని మామూలు పరికరంలో వేస్తే అది కాలిపోవచ్చు. వాటి చార్జరు కూడా వేరు.

చివరిగా, పాత సెల్లు ఎక్కడికి పోవాలి? 2001 నాటి బ్యాటరీ నియమాలు లెడ్ యాసిడ్ బ్యాటరీలకే వర్తించాయి. 2022 నియమాలు చిన్న సెల్లులను కూడా చేర్చి, వాడిన వాటి సేకరణ బాధ్యతను ఉత్పత్తిదారుల మీద పెట్టాయి. నియమం ఫలించాలంటే మనం వాటిని చెత్తబుట్టలో వేయకుండా వేరుగా దాచి అప్పగించాలి.

ఇంటి పని: మీ ఇంట్లోని సెల్లులన్నిటినీ లెక్కించండి. వాటి మీద రాసిన రసాయనాన్ని, వోల్టేజిని పట్టికగా రాయండి. ఏ పరికరంలో తరచుగా సెల్లు మారుస్తున్నారో గుర్తించండి. చార్జి చేసే సెల్లు వేయవలసింది మొదట అక్కడే.