ట్యూబులో రక్తమా, కాగితం మీద చుక్కా? వైరల్ లోడ్ పరీక్ష చరిత్ర, మన కొండ ఊళ్ల లెక్క

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చివరిదాకా చదవండి. నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు అయితే తప్పకుండా చదవాలి.

హెచ్‌ఐవీ అనగానే మనం జాగ్రత్తల గురించి మాట్లాడుకుంటాం. మందులు ఉచితంగా ఇస్తున్నారు కదా అని అక్కడితో ఆపేస్తాం. కానీ ఆ మందు ఒంట్లో పని చేస్తోందా లేదా? అది తెలియాలంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలవాలి. దాన్నే వైరల్ లోడ్ అంటారు. ఈ కొలతకి రక్తాన్ని ఏ రూపంలో తీసుకోవాలి అన్నది చూడ్డానికి చిన్న ప్రశ్నే. దాని వెనక మాత్రం నలభై ఏళ్ల చరిత్ర ఉంది.

ముందు మనకి తెలిసిన చుక్కతో మొదలుపెడదాం. ఏజెన్సీలో పుట్టినవాడికి మలేరియా స్లైడు తెలియకుండా ఉండదు. వేలు గుచ్చుతారు, గాజుపలక మీద చుక్క పూస్తారు, ఆరబెట్టి పంపుతారు. దోమలో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన తెలుగు నేల మీదే, 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో. మలేరియా క్రిమి మామూలు మైక్రోస్కోప్‌లో కనిపిస్తుంది, అందుకే ఎండిన చుక్క చాలు. హెచ్‌ఐవీ అలా కనిపించదు. దాని జాడ వేరే దారుల్లో పట్టాలి. ఎంచుకున్న దారిని బట్టి రక్తం రూపం మారుతూ వచ్చింది.

1. సీరం కాలం

మన దేశంలో హెచ్‌ఐవీ మొదట బయటపడింది 1986లో, మద్రాసులో. మద్రాస్ మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చదువుతున్న సెల్లప్పన్ నిర్మల తన ప్రొఫెసర్ సునీతి సోలమన్ మార్గదర్శకత్వంలో రక్త నమూనాలు సేకరించారు. గ్లౌజులు, మాస్కుల్లాంటివి కూడా సరిగా లేని రోజులవి. రక్తం నుంచి సీరం వేరు చేసి, ఇంటి ఫ్రిజ్‌లో దాచి, వెల్లూరు సీఎంసీకి పట్టుకెళ్లి పరీక్ష చేయించారు. ఆరు నమూనాలు పాజిటివ్‌గా తేలాయి.

సీరం అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపు నీరు. వైరస్ మీద మన ఒళ్లు తయారు చేసుకునే యాంటీబాడీలు అందులో ఉంటాయి. అవి గట్టి పదార్థాలు, ఇంటి ఫ్రిజ్‌లో ఉన్నా చెడవు. అయితే యాంటీబాడీ పరీక్ష "వైరస్ ఉందా, లేదా" అనే చెబుతుంది. "ఎంత ఉంది" అన్నది చెప్పలేదు.

2. ప్లాస్మా ఎందుకు కొలబద్ద అయింది?

1996లో అమెరికాలో జాన్ మెల్లర్స్ బృందం ఒక ముఖ్యమైన పేపరు వేసింది. పిట్స్‌బర్గ్‌లో ఏళ్ల తరబడి గడ్డకట్టించి దాచిన ప్లాస్మా నమూనాలు తీసి వైరస్ లెక్కపెట్టారు. ఎవరి ప్లాస్మాలో వైరస్ ఎక్కువ ఉంటే వాళ్లకి ఎయిడ్స్ త్వరగా వచ్చిందని తేలింది. అదే ఏడాది అమెరికా ప్రభుత్వం మొదటి వైరల్ లోడ్ కిట్‌కి అనుమతి ఇచ్చింది. అదీ ప్లాస్మా కిట్టే.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. కొలబద్ద తయారైంది పెద్ద నగరంలో, డీప్ ఫ్రీజర్లు ఉన్నచోట, దాచిన ప్లాస్మాతో. తర్వాత ప్రపంచమంతా అదే కొలబద్ద వాడింది. శాస్త్రం పరంగా అందులో తప్పు లేదు, ఇప్పటికీ ప్లాస్మానే అన్నిటికంటే కచ్చితం. కానీ అది కరెంటు, ఫ్రిజ్, రోడ్డు ఉన్నచోట పుట్టిన పద్ధతి.

ప్లాస్మాకి నియమాలు చాలా ఉన్నాయి. రక్తం గడ్డకట్టకూడదు. గడ్డకడితే వైరస్ కొంత ఆ గడ్డలో చిక్కుకుపోతుంది, లెక్క తగ్గుతుంది. గడ్డకట్టకుండా హెపారిన్ కలిపితే అది పీసీఆర్ పరీక్షకే అడ్డం పడుతుంది. అందుకే ఊదా రంగు మూత ఉండే ఈడీటీఏ ట్యూబు. రక్తం తీశాక గంటల్లో, ఎక్కువలో ఎక్కువ ఒక రోజులోపు, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా వేరు చేయాలి. ఆ తర్వాత చల్లగా ల్యాబ్ దాకా చేర్చాలి.

3. సీడీ4 కాలం

మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. కేసులు ఎక్కువున్న ఆరు రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కానీ చాలా ఏళ్లు అందరికీ వైరల్ లోడ్ చేయలేదు, సీడీ4 కణాలు లెక్కపెట్టేవారు.

తేడా మన భాషలో చెప్తాను. పోడు చేనుకి అడవి పందులు వస్తున్నాయి అనుకోండి. మంచెల మీద కాపలావాళ్లు ఎంతమంది మిగిలారో లెక్కపెట్టడం సీడీ4. పందులు ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టడం వైరల్ లోడ్. కాపలావాళ్లు తగ్గారని తెలిసే సరికి పంట సగం పోయి ఉంటుంది. మందు ఫెయిలైన సంగతి కూడా సీడీ4లో అంత ఆలస్యంగా తెలిసేది. పైగా సీడీ4కి తాజా రక్తమే కావాలి, కణాలు పాడవకుండా ఉండాలి. కాబట్టి ఆ రోజుకి మనిషే సెంటర్‌కి వెళ్లాలి.

4. కాగితం దారి

ఇంకో దారి పక్కనే ఉంది. 1963లో అమెరికాలో రాబర్ట్ గుత్రీ అనే ఆయన పసిపిల్లల మడమ గుచ్చి, దళసరి ఫిల్టర్ కాగితం మీద చుక్కలు ఆరబెట్టి, పుట్టుకతో వచ్చే ఒక జబ్బుని పట్టే పద్ధతి ప్రకటించారు. ఆ కాగితాన్ని కవర్లో పెట్టి పోస్టులో పంపొచ్చు. 1991 నాటికి అలాంటి ఎండిన చుక్కల్లో హెచ్‌ఐవీ జన్యుపదార్థాన్ని పీసీఆర్‌తో పట్టొచ్చని పరిశోధకులు చూపించారు. దీన్నే డీబీఎస్ అంటున్నాం, ఎండు రక్తపు చుక్క అన్నమాట.

మన దేశంలో డీబీఎస్ ముందు పిల్లల కోసం వచ్చింది. పాజిటివ్ తల్లికి పుట్టిన బిడ్డలో తల్లి యాంటీబాడీలు 18 నెలల దాకా ఉండొచ్చు. మామూలు పరీక్ష చేస్తే, బిడ్డకి వైరస్ లేకపోయినా పాజిటివ్ అని రావచ్చు. అందుకని 2010లో నాకో ఆరు వారాల బిడ్డ దగ్గర నుంచే డీబీఎస్ తీసి పెద్ద ల్యాబ్‌కి పంపే కార్యక్రమం మొదలుపెట్టింది. పెద్దవాళ్ల వైరల్ లోడ్‌కి కూడా ఇది పనికొస్తుందని బెంగళూరు పరిశోధకులు 2012లోనే రాశారు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డీబీఎస్‌ని ఒప్పుకుని, ప్లాస్మాకి పెట్టిన 1000 కాపీల గీతనే వీలైనంతవరకు దీనికీ పెట్టమంది.

2018 ఫిబ్రవరిలో మన కేంద్ర ప్రభుత్వం మందు వాడే అందరికీ వైరల్ లోడ్ పరీక్ష ప్రకటించింది. మంచి అడుగు. మందు మొదలెట్టాక ఆరు నెలలకి, ఏడాదికి, ఆ తర్వాత ఏడాదికోసారి. అయితే ఈ కార్యక్రమం నిలబడింది ప్లాస్మా మీదే. టీబీకి వాడే సీబీనాట్ మెషిన్లో వైరల్ లోడ్ క్యాట్రిడ్జ్ నడుస్తుంది గానీ, దానికీ ప్లాస్మానే పోయాలి.

5. ఇక మన లెక్క

ఇప్పుడు శృంగవరపుకోట నుంచి పైకి చూడండి. దారపర్తి పంచాయతీ ఊళ్లు, చిట్టెంపాడు, రేగపుణ్యగిరి. గర్భిణుల్ని డోలీ కట్టి కిందికి మోసుకొచ్చిన వార్తలు ఈ ఊళ్ల నుంచి ఎన్నిసార్లు చదివాం? అటువైపు అనంతగిరి కొండలు. అక్కడి నుంచి దిగి ఎస్.కోట చేరి, అక్కడి నుంచి విజయనగరమో విశాఖపట్నమో బస్సెక్కాలి. ఒక రోజు కూలి పోతుంది. "ఎందుకు వెళ్తున్నావు" అని ఊళ్లో అడిగేవాళ్లకి ఏదో ఒకటి చెప్పాలి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి ఆ ప్రశ్నే అన్నిటికంటే బరువు.

నేను చెప్పదలచుకున్న మాట ఇదే: రక్తం ప్రయాణం చేయలేకపోతే మనిషి ప్రయాణం చేయాలి. ట్యూబులో రక్తానికి గంటల గడువు, అందుకే మనిషిని సెంటర్ దాకా రమ్మంటారు. కాగితం మీద చుక్కకి రోజుల గడువు, సరిగా ఆరబెడితే దాదాపు రెండు వారాలు మామూలు వాతావరణంలో నిలుస్తుంది. ఏ నమూనా అన్నది ల్యాబ్ వాళ్ల ఇష్టాయిష్టాల సంగతిలా కనిపిస్తుంది గానీ, ఎవరికి పరీక్ష అందుతుంది, ఎవరికి అందదు అన్నది అక్కడే తేలిపోతుంది.

6. అలాగని కాగితమే గొప్పదా?

తొందరపడకండి. డీబీఎస్‌కి మూడు లోపాలున్నాయి.

ఒకటి, చుక్కలో ఉండేది సుమారు 70 మైక్రోలీటర్ల రక్తం. అందులో దాదాపు సగం కణాలే. వైరస్ తక్కువగా ఉంటే దొరక్కపోవచ్చు.

రెండు, ఆ కణాల్లో దాక్కున్న వైరస్ డీఎన్ఏ కూడా కొన్ని పరీక్షల్లో లెక్కలోకి వచ్చేస్తుంది. ప్లాస్మాలో ఏమీ కనిపించని మనిషికి కూడా డీబీఎస్‌లో కొన్ని వందలు చూపించొచ్చు. 1000 గీత దగ్గర తప్పు జరిగితే మంచి మందు అనవసరంగా మార్చేస్తారు, లేదా పని చేయని మందే కొనసాగిస్తారు. అందుకే ఆ మెషిన్‌కి డీబీఎస్ అనుమతి ఉందా అని చూడాలి.

మూడు, మన వాతావరణం. కార్డుని ఎండలో పెట్టకూడదు, నీడలో కనీసం నాలుగు గంటలు ఆరాలి, తర్వాత తేమ పీల్చే సిలికా జెల్ సంచులతో జిప్ కవర్లో పెట్టాలి. శ్రావణ భాద్రపదాల్లో మన కొండల మీద బట్టలే ఆరవు, కార్డు ఆరుతుందా? ఆరడానికి ఒక పెట్టె, శిక్షణ ఉన్న మనిషి లేకుండా డీబీఎస్ అనడం వట్టి మాటే.

మధ్యదారిగా 2018లో ప్లాస్మా సెపరేషన్ కార్డు అనేది వచ్చింది. వేలి రక్తం వేస్తే పైపొర కణాల్ని ఆపేస్తుంది, కింది పొరలో ప్లాస్మా ఆరుతుంది. అంటే సెంట్రిఫ్యూజ్ పనిని కాగితమే చేస్తుంది. ధర, సరఫరా సంగతి వేరే.

7. మన రక్తం, మన అనుమతి

ఇంకొక్క మాట. ఎండిన కార్డు ఏళ్ల తరబడి దాచొచ్చు, అందులో మన జన్యువులూ ఉంటాయి. అమెరికాలో హవసుపాయి అనే ఆదివాసీ తెగ దగ్గర 1990 నుంచి షుగర్ జబ్బు పరిశోధన అని రక్తం తీసుకున్నారు. తర్వాత వాళ్లకి చెప్పకుండా ఇతర పరిశోధనలకి వాడారు. వాళ్లు కోర్టుకెళ్లారు. 2010లో విశ్వవిద్యాలయం ఏడు లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్తాన్ని కూడా తిరిగి అప్పగించింది. మన దేశంలో 2017 హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. పరీక్షకి అనుమతి తీసుకోవాలి, వివరాలు గోప్యంగా ఉంచాలి అని అందులో ఉంది. కొండకి కార్డు రావాలి, దాంతోపాటు ఆ హక్కూ రావాలి.

చివరగా, మనం చేయగలిగింది. పీహెచ్‌సీలో, గ్రామసభలో, ఐటీడీఏ దగ్గర మూడు ప్రశ్నలు అడగండి. వైరల్ లోడ్‌కి మా వాళ్ల రక్తం ఎక్కడ తీస్తారు? అక్కడి నుంచి ల్యాబ్‌కి ఎన్ని గంటల్లో చేరుతుంది? రిపోర్టు మనిషికి ఎలా, ఎవరికీ తెలియకుండా, చేరుతుంది? ప్లాస్మా సకాలంలో చేరితే ప్లాస్మానే మేలు. చేరకపోతే కాగితం అడగండి. సంవత్సరాల తరబడి అసలు కొలవకపోవడం కంటే కొంచెం తక్కువ కచ్చితమైన కొలత ఎంతో నయం.

ఒక విన్నపం. ఫలానా ఊళ్లో ఫలానా వాళ్లకి ఉందట అని ఎవరూ కామెంట్లలో పేర్లు పెట్టొద్దు. ప్రశ్నలుంటే అడగండి, ల్యాబ్ చదువుతున్నవాళ్లు జవాబు చెప్పండి.

జై ఆదివాసీ.