పెంపకపు పిల్లలు (కోయిలకుంట్ల ప్రాంతం)

కన్నవారి దగ్గర కాక వేరొకరి ఇంట పెరిగే పిల్లలు. నంద్యాల జిల్లా కోయిలకుంట్ల వంటి మెట్టసీమలో ఈ భారం ఎక్కువగా అవ్వాతాతలూ మేనమామలే మోస్తారు, సంరక్షణకు చట్టపరమైన కాగితం ఉండదు. చిక్కంతా అక్కడే. బడిలోనో ఆఫీసులోనో సంరక్షకుడి సంతకం అడిగితే ఎవరు పెట్టాలో తేలదు. ఇల్లు మారి వచ్చిన పిల్ల రెండో ముద్ద అడగదు, ఎవరూ చెప్పకముందే అంట్లు తోముతుంది. అది భయమని గ్రహించక బుద్ధిమంతురాలని మెచ్చుకుంటారు. తోబుట్టువు పక్కనుంటే, అమ్మానాన్నల ఊసు ఇంట్లో దాచకుంటే మనసు కాస్త కుదుటపడుతుంది.

2015 బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్ తాత్కాలిక పెంపకాన్ని గుర్తించింది. ఇది దత్తత కాదు. బాలల సంక్షేమ సమితి ద్వారా పిల్లను అప్పగిస్తారు. కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద ఒక్కో పిల్లకు నెలకు రూ.4,000 సాయం. బంధువుల ఇంట ఉన్న అర్హులకు స్పాన్సర్‌షిప్ పేరిట అంతే మొత్తం.