మా కొండ సన్యాసి

మీరంతా ఆ దీపం మహిమ చెప్పమంటారు గానీ, నేను మంచు దగ్గర మొదలుపెడతాను. 1898 క్రిస్మస్‌కి పడ్డ మంచు. మా తాత అప్పటికి మీ ఈడువాడు. అన్నాయ మఠానికి పైన, పేతురు పౌలుల పేరుతో ఏకాంతవాసుల ఆశ్రమం ఉంది కదా, అక్కడొక ముసలి సన్యాసి పోయాడని కబురొచ్చింది. శవాన్ని మఠానికి దించాలి. దారి కనబడితేగా! చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పారలు పట్టుకొచ్చి మంచు తవ్వుతూ దించారు. పండగపూట ఈ పనేమిటని గొణిగినవాళ్లూ ఉన్నారట. పెట్టె లేదు, ఆర్భాటం లేదు. మఠంలో సన్యాసులందరినీ పూడ్చే గుంటలోనే ఆయన్నీ పూడ్చారు.

ఆయన మా ప్రాంతం వాడు కాదు. పైన దేవదారు వనం దగ్గర, ఖదీషా లోయ అంచున బెకా కాఫ్రా అని ఉంది. లెబనాన్‌లో అన్నిటికంటే ఎత్తున్న ఊరు మాదేనని వాళ్లకి గొప్ప. అక్కడ 1828లో పుట్టాడు. ఇంట్లో కడగొట్టువాడు, యూసఫ్ అని పేరు పెట్టారు. మూడేళ్లు నిండాయో లేదో, తండ్రి అంతూన్‌ని తురుష్కుల దొరతనం వెట్టికి పట్టుకుపోయింది. సైన్యానికి బరువులు మోయించారు. కూలీ లేదు సరికదా, ఆ మనిషి ఇల్లు కూడా చేరలేదు, తిరుగుదారిలోనే పోయాడు. ఆ రోజుల్లో కొండల్లో ఇలాంటి కథ లేని ఇల్లు అరుదు. తల్లి బ్రిజితా మళ్లీ పెళ్లి చేసుకుంది. ఆ రెండో ఆయన తర్వాత ఊరి గురువయ్యాడు. మన మారొనైటు సంఘంలో పెళ్లయినవాళ్లకి గురుపట్టం ఇవ్వడం ఉన్నదే.

పిల్లవాడు ఆవుని మేపుకునేవాడు. అది మేస్తుంటే తను పక్కనున్న గుహలో దూరి జపం చేసుకునేవాడు. ఆ గుహని ఇప్పటికీ చూపిస్తారు. తల్లివైపు మేనమామలు ఇద్దరు ఖోజ్‌హయ్యా మఠం దగ్గర ఏకాంతవాసులు. వీడి మనసు ఎటు లాగిందో అర్థమైందిగా! 1851లో ఒక తెల్లవారుజామున ఎవరికీ చెప్పకుండా ఇల్లు విడిచాడు. ముందు మైఫూఖ్ మఠం, తర్వాత మన అన్నాయ. తల్లి వెతుక్కుంటూ వచ్చింది. పదమన్నా కదలడే! చివరికి ఆవిడ ఒక మాటంది: “మంచి సన్యాసివి కాలేననుకుంటే ఇప్పుడే ఇంటికొచ్చెయ్ రా!” ఏడ్చి బతిమాలడానికి వచ్చిన మనిషి అన్న మాట అది. ఈ కథలో సగం పుణ్యం ఆ తల్లిదేనంటాను నేను. గురువులు ఒప్పుకోరులే.

శర్బెల్ అనేది మఠంలో పెట్టుకున్న పేరు. పూర్వం క్రీస్తు కోసం ప్రాణమిచ్చిన ఒకాయన పేరు. 1853లో శాశ్వత వ్రతాలు తీసుకున్నాడు. కఫీఫాన్‌లో చదువు. అక్కడ పాఠం చెప్పిన నిమతుల్లా హర్దీనీ కూడా తర్వాత పునీతుడయ్యాడు. 1859లో బ్కెర్కెలో గురుపట్టం. తర్వాత ఒకసారి తల్లి చూడ్డానికొస్తే ఎదురుగా రాలేదు, తలుపు అవతల నుంచే మాట్లాడాడు. పరలోకంలో కలుసుకుందాం అని పంపేశాడట. దీన్ని గొప్ప వైరాగ్యమంటారు. నాకు మాత్రం ఆవిడ కొండ దిగి వెళ్లిన దారే కళ్లలో మెదులుతుంది.

ఇక దీపం సంగతి. మఠంలో పనివాళ్లకి ఈయనంటే కాస్త వేళాకోళం. నోరెత్తడు, తిట్టినా తిరగబడడు. ఒక రాత్రి జపానికి దీపంలో నూనె పొయ్యమని ఇస్తే నీళ్లు పోసిచ్చారు. ఆయన చూసుకోలేదు, వెలిగించాడు. వెలిగింది! ఇంత రాత్రి ఆ వెలుగేమిటని పెద్దస్వామి వచ్చి చూస్తే దీపంలో ఉన్నవి నీళ్లు. కొండ మీది ఆశ్రమానికి పంపమని ఆయన ఎన్నేళ్లుగానో అడుగుతున్నాడు, ఆ తర్వాతే పంపారని చెబుతారు. 1875 ఫిబ్రవరిలో వెళ్లాడు. ఇరవై మూడేళ్లు అక్కడే.

అక్కడేం చేశాడు? చేను దున్నాడు, ద్రాక్షతోటలో మట్టి పని చేశాడు. రోజుకి ఒకపూట తిండి, మాంసం లేదు. కటిక నేల మీద పడక, తల కింద కొయ్యదుంగ. తోటి సన్యాసి చెప్పిన పనికి ఎదురు చెప్పేవాడు కాదు. పొద్దెక్కాక పూజ, దాని ముందు గంటలకొద్దీ జపం. చేలలో పాము కనబడితే చంపొద్దని, వెళ్లిపొమ్మని దానికే చెప్పేవాడట. మిడతల దండు వచ్చినప్పుడు ఆయన మంత్రించిన నీళ్లు చల్లిన పొలాలు మిగిలాయని ముసలాళ్లు చెప్పేవారు. మీరు నమ్మినా నమ్మకపోయినా, ఇరవై మూడేళ్లు పేరు కోరకుండా మట్టి తవ్వడం మాత్రం ఏ మహిమకీ తీసిపోదు.

1898 డిసెంబరు 16న పూజ మధ్యలో, దివ్యసత్ప్రసాదం ఎత్తిపట్టుకున్నప్పుడు పక్షవాతం వచ్చింది. ఎనిమిది రోజులు మంచం మీద. క్రిస్మస్ ముందు సాయంత్రం కన్నుమూశాడు. డెబ్భై ఏళ్లు.

అక్కడితో అయిపోవలసింది. కానీ సమాధి మీద రాత్రుళ్లు వెలుగు కనిపిస్తోందని జనం అనడం మొదలుపెట్టారు. నలభై అయిదు రాత్రులట. 1899లో తవ్వి చూస్తే గుంటంతా బురదనీళ్లు, శరీరం మాత్రం చెడలేదు. ఒంటినుంచి చెమట, రక్తం కలిసినట్టు ఏదో ఊరుతుంటే బట్టలు మార్చేవారు. 1927లో పెట్టెలో పెట్టి గోడలో కట్టేశారు. 1950లో గోడ తడిసింది.

అది మాత్రం నేను కళ్లారా చూసిన ఏడాది. పన్నెండేళ్లవాణ్ణి. సమాధి మళ్లీ తెరిచారన్న కబురుతో మా రోడ్డు మీద కార్లు, బస్సులు, కంచరగాడిదలు, నడిచేవాళ్లు, మోసుకొచ్చిన రోగులు. మన క్రైస్తవులే కాదు, ముస్లిములు, ద్రూజులు కూడా. మా అమ్మ దారిన పోయేవాళ్లకి రొట్టెలు ఇచ్చి ఇచ్చి పిండంతా ఖాళీ చేసింది. మా నాన్న తిట్టాడు. నయమైనవాళ్ల పేర్లు మఠంలో పుస్తకాలకెక్కాయి. అదే ఏడాది ఫాదర్లు తీయించుకున్న ఫొటోలో, అక్కడ లేని సన్యాసి ఒకాయన కనబడ్డాడని, అది ఆయనేనని అన్నారు. బతికుండగా ఆయన ఫొటో ఒక్కటి కూడా లేదు. మీరు చూసే బొమ్మ, ఆ తెల్ల గడ్డం, వంచిన కళ్లు, అదంతా దాన్ని బట్టి గీసిందే.

1965 డిసెంబరు 5న పోపు ఆరవ పౌలు ఆయన్ను ధన్యుడన్నారు, 1977 అక్టోబరు 9న పునీతుడన్నారు. అప్పటికి మన దేశంలో అంతర్యుద్ధం మొదలై రెండేళ్లయింది. అక్కడ రోమ్‌లో గంటలు, ఇక్కడ చెక్‌పోస్టులు. ఇప్పుడు పెట్టెలో ఉన్నవి ఎముకలేలెండి. శరీరం ఇంకా అలాగే ఉందని మీ అత్తయ్య అందరికీ చెబుతుంది, మీరు వాదించకండి.

మనవాళ్లు వలసపోయిన చోటికల్లా ఆయనా వెళ్లాడు. మెక్సికోలో ఆయన బొమ్మకి రంగు రిబ్బన్ల మీద మొక్కులు రాసి కడతారు. లెబనాన్ ఎటువైపు ఉందో తెలియనివాళ్లు కూడా! ఇక మన దేశంలోనే 1993 జనవరిలో జరిగిన సంగతి. పన్నెండు మంది బిడ్డల తల్లి, పక్షవాతంతో పడిపోయింది. కలలో ఈయనా ఇంకో సన్యాసీ వచ్చి మెడకి ఆపరేషన్ చేశారని చెప్పింది. లేచి చూస్తే మెడ మీద కోతలు, మనిషి నడుస్తోంది. అది 22వ తేదీ. అందుకే ప్రతి నెలా 22న ఆశ్రమం నుంచి మఠం దాకా జనం జపం చేసుకుంటూ నడుస్తారు.

రేపు 22. పైన మంచు ఉంది, బూట్లు వేసుకోవాలి, సెల్‌ఫోన్లు ఇంట్లో వదలాలి. దీపం ఆర్పి పడుకోండి, ఆరింటికల్లా బయల్దేరాలి.