ఫెర్రోనెమాటిక్

నెమాటిక్ ద్రవస్ఫటికంలో అతి స్వల్ప పరిమాణంలో అయస్కాంత నానోకణాలను కలిపి తయారుచేసిన అవలంబనాన్ని ఫెర్రోనెమాటిక్ అంటారు. ఘనపరిమాణంలో వెయ్యవ వంతుకు మించని ఈ కణాలు ద్రవస్ఫటికపు ప్రావస్థ మార్పు ఉష్ణోగ్రతను సైతం మార్చగలవు.

నేపథ్యం

1888లో ఫ్రెడరిక్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కొలెస్టెరిల్ బెంజోయేట్ 145.5 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి మసక ద్రవమగుటను, 178.5 డిగ్రీల వద్ద తేటపడుటను గమనించాడు. ఆ మసక ద్రవమే ద్రవస్ఫటికం. నెమాటిక్ ప్రావస్థలో కడ్డీల వంటి అణువులు సుమారుగా ఒకే దిశలో అమరి ఉంటాయి. వేడిచేస్తే ఈ అమరిక చెదిరి సమదైశిక ద్రవం ఏర్పడుతుంది. 5సీబీ అనే ప్రసిద్ధ పదార్థంలో ఇది సుమారు 35 డిగ్రీల వద్ద జరుగుతుంది.

ఈ అణువులను తిప్పడానికి కొన్ని వోల్టుల విద్యుత్తు చాలు; అయస్కాంతంతో తిప్పాలంటే వేల గాస్‌ల క్షేత్రం కావాలి. ఈ లోపాన్ని పూరించడానికి 1970లో బ్రోషార్, డి జెన్ అయస్కాంత కణాలను కలపవచ్చునని సిద్ధాంతరీత్యా ప్రతిపాదించారు. కణం క్షేత్రదిశకు తిరిగినపుడు తన ఉపరితలాన్ని అంటిన అణువులను కూడా తిప్పుతుందని వారి భావన. డి జెన్‌కు 1991లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

ప్రావస్థ మార్పుపై ప్రభావం

గోళాకార కణం మలినం వలె పనిచేస్తుంది. దాని చుట్టూ ఉన్న అణువులు ఉమ్మడి దిశను నిలుపుకోలేవు గనుక మార్పు ఉష్ణోగ్రత సాధారణంగా కొద్దిగా తగ్గుతుంది. పైగా మార్పు ఒకే బిందువు వద్ద గాక, రెండు ప్రావస్థలు కలిసి ఉండే ఒక ఉష్ణోగ్రతా వ్యవధిలో జరుగుతుంది. ఉప్పునీరు సున్నా డిగ్రీల వద్ద గడ్డకట్టకపోవుటతో దీనిని పోల్చవచ్చు. అయితే ఉప్పు నీటిలో కరుగుతుంది, నానోకణాలు కరగవు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. చల్లార్చునపుడు పెరుగుతున్న నెమాటిక్ భాగాలు కణాలను మిగిలిన సమదైశిక భాగాలలోకి నెట్టివేస్తాయి. అక్కడ అవి గుంపుకడతాయి. మళ్ళీ వేడిచేసినా ఆ గుంపులు పూర్తిగా విడిపోకపోవచ్చు. అందువలన ఒకే నమూనాను రెండుసార్లు కొలిచినా విలువలు తేడాగా రావచ్చు.

పొడవైన కణాలు అణువులతో పాటు వరుసగా నిలిచి, మార్పు ఉష్ణోగ్రతను పెంచవచ్చునని సిద్ధాంతం చెబుతుంది. బాహ్య అయస్కాంత క్షేత్రం కూడా క్రమబద్ధమైన ప్రావస్థకే అనుకూలం. కాని కణాలు లేని సాధారణ నెమాటిక్‌లలో కొన్ని టెస్లాల క్షేత్రానికి వచ్చే పెరుగుదల డిగ్రీలో వెయ్యవ వంతుల్లోనే ఉంటుంది.

ఫ్రీడరిక్స్ పరివర్తనాన్ని దీనితో కలపరాదు. అందులో అణువుల దిశ మాత్రమే మారుతుంది, ప్రావస్థ మారదు.

2013 ప్రయోగం

స్లొవేనియాలోని ల్యూబ్ల్యానాలో మెర్టెల్య్, లిస్యాక్, ద్రోఫెనిక్, చోపిచ్ బేరియం హెక్సాఫెరైట్ పలకలను 5సీబీలో కలిపి, బాహ్యక్షేత్రం లేకపోయినా అయస్కాంతత్వం నిలిచే ద్రవాన్ని తయారుచేశారు. గుంపుకట్టడానికి వ్యవధి లేకుండా, ద్రవాన్ని సమదైశిక ప్రావస్థ నుండి నెమాటిక్ ప్రావస్థకు ఒక్కసారిగా చల్లబరచారు. ఈ ద్రవం కొన్ని మిల్లీటెస్లాల క్షేత్రానికే స్పందిస్తుంది.