పల్లేరు

బళ్లారి చేలగట్ల మీద చెప్పుల్లేకుండా నడిచినవాళ్లకి పల్లేరుకాయను పరిచయం చేయక్కర్లేదు. పక్కింటి కన్నడిగులు దాన్నే నెగ్గిలు అంటారు. 1953లో బళ్లారి జిల్లా చీలినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి, బళ్లారి మైసూరుకు పోయింది. ముల్లు మాత్రం రెండు వైపులా ఒకేలా గుచ్చుతుంది.

సంస్కృతంలో ఇది గోక్షురం. క్షురం అంటే మంగలికత్తి. క్షవరం కూడా ఆ ఇంటి మాటే. మేతకెళ్లిన ఆవు కాలిని కోసే కత్తి అన్నమాట. ఇంకో పేరు త్రికంటకం, మూడు ముళ్లది. శాస్త్రీయ నామంలోని ట్రిబ్యులస్‌కు మూలమైన గ్రీకు మాటకీ అర్థం మూడు మొనలదనే!

ఆయుర్వేదం దీన్ని మూత్రం సాఫీగా రావడానికీ, వాజీకరణానికీ, అంటే మగతనం పెంచడానికీ వాడింది. వాజి అంటే గుర్రం. ఆ ఒక్క మాటతోనే సగం మందు అమ్ముడుపోతుంది.

ఈ గుణాన్ని పరీక్షకు పెట్టినవాళ్లలో బల్గేరియావాళ్లు ముఖ్యులు. ఆరోగ్యంగా ఉన్న 21 మంది యువకులపై చేసిన, 2005లో అచ్చయిన అధ్యయనంలో మగ హార్మోను టెస్టోస్టెరాన్ పెరగలేదు. అంగస్తంభన సమస్య ఉన్న 180 మందిపై 12 వారాలు జరిపి 2017లో ప్రకటించిన పరీక్షలో మాత్రం ఉత్తుత్తి మాత్ర కంటే కొంత మేలు కనిపించింది. హార్మోను కథ నిలబడలేదు. మిగతాది ఇంకా తేలాలి.

మూలికల పేరుతో అమ్మే కొన్ని మందుల్లో అంగస్తంభనకు వాడే సిల్డెనాఫిల్ కలిపినట్టు చాలా దేశాల్లో బయటపడింది. గుండెకు నైట్రేట్లు వాడేవాళ్లకి అది ప్రాణం మీదికి తెస్తుంది. పైగా అంగస్తంభన సమస్య షుగరుకో గుండెజబ్బుకో తొలి సూచన కావచ్చు. పొట్లం కొనేముందు డాక్టరుకు చూపించుకోండి.